మెడలో డిస్క్ జారినప్పుడు: కత్తికీ ఓర్పుకీ నడుమ ఒక శతాబ్ది

మా రాంనగర్ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి అశోక్‌నగర్ వైపు వెళితే, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు ఎక్కడ చూసినా కనిపిస్తారు. అద్దె గదుల్లోనూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ రోజుకు పది పన్నెండు గంటలు తల వంచుకుని కూర్చుంటారు. ఇటువైపు మా చేపల మార్కెట్‌లో గంపలు తలకెత్తుకునేవారి మెడలు మరొక రకమైన పరీక్షకు నిలుస్తాయి. వీరిలో కొందరు ఎం.ఆర్.ఐ. కవరు చేతబట్టుకుని, పదవీ విరమణ చేసిన నావంటి వారి దగ్గరికి వస్తుంటారు. వారు అడిగేవి రెండే ప్రశ్నలు. మెడలో డిస్క్ జారిందట, ఆపరేషన్ తప్పదా? చేయించుకుంటే కాళ్లూ చేతులూ పడిపోతాయంటారు, నిజమేనా?

ఈ రెండు ప్రశ్నలూ నేటివి కావు. వైద్యులే వీటితో దాదాపు వందేళ్లు పెనుగులాడారు. ఆ కథ తెలిస్తే, మీ చేతిలోని రిపోర్టును ఎలా చదువుకోవాలో కొంతవరకు మీకే బోధపడుతుంది.

ముందుగా కాస్త శరీర నిర్మాణం. మెడలో ఏడు వెన్నుపూసలున్నాయి. మొదటి రెండింటి నడుమ తప్ప, మిగిలిన పూసల మధ్య డిస్క్ అనే మెత్తని దిండు ఉంటుంది. దాని అంచు గట్టి నారతో అల్లిన కట్టు. నడిమి భాగం జిగురువంటి పదార్థం. అంచు చిరిగితే ఆ జిగురు వెనుకకు పొడుచుకు వస్తుంది. వెనుక ఏముందన్నదే అసలు సంగతి. సరిగ్గా మధ్యలో వెన్నుపాము ఉంది. పక్కలకు, చేతికి వెళ్లే నరాల మొదళ్లున్నాయి, వాటిని నాడీమూలాలంటాం. డిస్క్ పక్కకు జారితే నాడీమూలం నలుగుతుంది, మెడ నుంచి భుజం మీదుగా వేళ్లదాకా నొప్పి దిగుతుంది. మధ్యకు జారితే వెన్నుపాము నలుగుతుంది. అప్పుడు నొప్పి అంతగా ఉండకపోవచ్చు; నడక తడబడుతుంది, చేతివేళ్లు పట్టు తప్పుతాయి. పేరు ఒకటే అయినా ఇవి రెండు వేరువేరు జబ్బులు. ఈ తేడా స్పష్టపడడానికే వైద్యానికి అంత కాలం పట్టింది.

చేతి నొప్పిని పూర్వులు గుర్తించకపోలేదు. మెడ బిగుసుకుపోవడాన్ని ఆయుర్వేదం మన్యాస్తంభం అన్నది. భుజం నుంచి వేళ్ల వరకు పాకే బాధను సుశ్రుతుడు విశ్వాచి అని పేర్కొన్నాడు. చికిత్సగా స్వేదనం, తైలం, నస్యం చెప్పారు. అంతకు చాలా ముందే, సుమారు 3,600 ఏళ్ల క్రితపు ఈజిప్టు పత్రం ఒకటి మెడ పూస స్థానం తప్పి కాళ్లూ చేతులూ చచ్చుబడిన రోగిని వర్ణించి, అది చికిత్సకు లొంగని బాధ అని తేల్చింది. 17వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ పేరిట గడ్డం కింద పట్టీ వేసి తలను పైకి లాగే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. మన ఆసుపత్రుల ఫిజియోథెరపీ గదుల్లో కప్పీ మీదుగా బరువులు వేలాడే ట్రాక్షన్ దాని వారసత్వమే. కారణం తెలియకపోయినా చికిత్సలు ఉండేవి. చాలామందికి తగ్గేది కూడా, ఎందుకంటే ఆ జబ్బు తగ్గే స్వభావం కలది. దానికి మళ్లీ వస్తాను.

కారణం తెలుసుకునే దారిలో వైద్యులు ఒక చిత్రమైన మలుపు తిరిగారు. 1920 దశకంలో అమెరికా శస్త్రవైద్యులు మెడ వెన్నుపాము ముందు భాగంలో మృదులాస్థి గడ్డలను కనుగొని, వాటిని కణితులని భావించారు. 1928లో ఎల్స్‌బర్గ్, స్టూకీ ఇద్దరూ వాటి గురించి రాశారు. స్టూకీ అయితే ఆ గడ్డ ఎటువైపు ఉంటే ఏ లక్షణాలు వస్తాయో మూడు తరగతులుగా విడదీసి వర్ణించాడు. ఆ వర్ణన నేటికీ చెల్లుతుంది, పేరు మాత్రం పొరపాటు. అవి కణితులు కావు, జారిన డిస్కులు. ఆ సంగతిని 1934లో బోస్టన్ నగరానికి చెందిన మిక్స్‌టర్, బార్ తేల్చారు. ఒకరు నరాల శస్త్రవైద్యుడు, మరొకరు ఎముకల వైద్యుడు. ఆ వ్యాసం నడుము డిస్కులకు పేరుపొందినా, అందులో మెడ రోగులు కూడా ఉన్నారు.

తర్వాతి అడుగు నాకు ఇష్టమైనది. 1943లో మెంఫిస్ వైద్యులు సెమ్స్, మర్ఫీ కేవలం నలుగురు రోగుల వివరాలు ప్రచురించారు. ఆరవ మెడ డిస్క్ ఒకపక్కకు జారి ఏడవ నాడీమూలాన్ని నొక్కితే, ఆ నొప్పి ఛాతీకి, ఎడమ చేతికి పాకి గుండెజబ్బును తలపిస్తుందని వారు చూపారు. ఆ రోజుల్లో గుండెజబ్బు అని ముద్ర పడితే నెలల తరబడి మంచం మీదే. నేటి పాఠకులు దీన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకోవాలి. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే ముందు ఈసీజీ తీయించండి, మెడ సంగతి తర్వాత చూడవచ్చు. మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి దూసుకుపోవడం, చేయి తలమీద పెట్టుకుంటే హాయిగా ఉండడం, మధ్యవేలు తిమ్మిరెక్కడం మెడ వైపు వేలు చూపే లక్షణాలు. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే ఆరవ నాడీమూలం, చిటికెనవేలైతే ఎనిమిదవది. 1944లో స్పర్లింగ్, స్కోవిల్ భుజం, చేయి నొప్పులకు పక్కకు జారిన మెడ డిస్క్ సాధారణ కారణమని స్థాపించారు. మెడ వెనుక నుంచి ఎముకలో చిన్న కిటికీ తెరిచి నరాన్ని వదులు చేసే పద్ధతిని కూడా అందించారు. మీ మెడను పక్కకు వంచి తలమీద మెల్లగా నొక్కి చూసే పరీక్ష ఆ స్పర్లింగ్ పేరుతోనే ఉంది.

పక్కకు జారిన డిస్క్‌కు వెనుక దారి బాగానే పనిచేసింది. మధ్యకు జారిన డిస్క్ దగ్గర మాత్రం అది బెడిసికొట్టింది. వెనుక నుంచి వెళ్లే వైద్యుడికీ డిస్క్‌కీ నడుమ వెన్నుపాము అడ్డం. దాన్ని పక్కకు జరిపి డిస్క్‌ను తీయబోతే, ముందే నలిగి ఉన్న వెన్నుపాము తట్టుకోలేదు. నడుస్తూ వచ్చిన రోగి మంచం పట్టిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ చేస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయన్న మన వాడల మాట గాలిలోంచి పుట్టలేదు. అది ఆ కాలపు అనుభవానికి మిగిలిన ప్రతిధ్వని. అందుచేత అలా అడిగేవారిని నేను నవ్వి పంపించను.

పరిష్కారం ముందు దారిలో దొరికింది. గొంతు పక్కన చిన్న కోత పెట్టి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఒకవైపుకు, పెద్ద రక్తనాళాన్ని మరొకవైపుకు తప్పిస్తే నేరుగా డిస్క్ ఎదుటికి చేరవచ్చు. వెన్నుపామును కదపనక్కరలేదు. జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన రాబిన్సన్, స్మిత్ 1955లో ఈ పద్ధతిని తొలిసారి తెలిపి, 1958లో 14 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. అదే 1958లో హవాయి దీవుల నుంచి రాల్ఫ్ క్లోవార్డ్ తన పద్ధతిని ప్రచురించాడు. 1941లో పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడిన నాటికి ఆ దీవుల్లో ఉన్న ఏకైక నరాల శస్త్రవైద్యుడు ఆయనే. ఇరుపక్షాలూ డిస్క్ తీసిన ఖాళీలో రోగి తుంటి ఎముక ముక్కను అమర్చి, రెండు పూసలను అతికించేవారు. అయితే క్లోవార్డ్ వెన్నుపామును నొక్కే ఎముక మొనలను కూడా చెక్కి తీసేవాడు. రాబిన్సన్, స్మిత్ వాటిని ముట్టుకోలేదు. కదలిక ఆగితే అవే అరిగిపోతాయని వారి నమ్మకం. నేటి ఆపరేషన్ ఈ రెండింటి కలయికే. తుంటి ముక్కకు బదులు చిన్న పంజరం వంటి అమరిక, ముందు ఒక లోహపు పలక వచ్చాయి. ఆ రోజుల్లో మెడ నొప్పి పోయినా తుంటి దగ్గరి నొప్పి చాలా కాలం వేధించేదని పాత రోగులు చెబుతారు.

ఇది ఇలా ఉండగా, లండన్ వైద్యులు మరొక ప్రశ్న వేశారు. అసలు ఏమీ చేయకపోతే ఏమవుతుంది? 1952లో లార్డ్ బ్రెయిన్, ఆయన సహచరులు మెడ పూసల అరుగుదల, అంటే సర్వైకల్ స్పాండిలోసిస్, నరాల మీద చూపే ప్రభావాన్ని సమగ్రంగా వర్ణించారు. మెదడు అని అర్థమిచ్చే ఇంటిపేరు గల ఆయన, అదే పేరున్న పత్రికలో ఆ వ్యాసం వేయించడం మా వైద్య విద్యార్థులకు ఒక వేడుక. 1963లో లీస్, టర్నర్ మెడ నాడీమూలం నొప్పితో వచ్చిన 51 మందిని 2 నుంచి 19 ఏళ్ల పాటు గమనించి ఫలితం చెప్పారు. దాదాపు సగం మందికి ఒకసారి వచ్చిన నొప్పి మళ్లీ రాలేదు. సుమారు నాలుగో వంతు మందికే బాధ కొనసాగింది. ఇంత ఓపికతో చేసిన పని నేటి రోజుల్లో అరుదు.

మన దేశంలో ఈ శస్త్రచికిత్సకు పునాది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతే పడింది. 1949లో వెల్లూరులో జేకబ్ చాండీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి నరాల శస్త్రచికిత్స విభాగాలు ప్రారంభించారు. 1951లో భారత నాడీ వైద్యుల సంఘం ఏర్పడింది. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు వంటివారు ఆ విద్యను తెలుగునాట నిలబెట్టారు. ఇక్కడి వైద్యుల ముందుకు వచ్చిన రోగులు పాశ్చాత్య పుస్తకాల రోగుల వంటివారు కారు. మెడలో వెన్నుపాము నలగడానికి మన దగ్గర క్షయ ఒక కారణమైతే, మరొకటి తాగే నీరు.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊళ్లలో ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారికి ఎముకలు మందమై, పూసలను కలిపే పట్టీలు సైతం ఎముకగా మారతాయి. వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. ఆ ఇరుకుదనం ఎక్కువగా దెబ్బతీసేది మెడలోనే. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు శాస్త్రీయంగా వర్ణించారు. మలేరియా క్రిమి కాలేయంలో దాగే దశను 1948లో కనుగొన్న షార్ట్ ఈయనే. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ వ్యాధిలో నరాలకు కలిగే హానిని దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. 1979లో వెలువడిన అంతర్జాతీయ నాడీవైద్య గ్రంథంలో ఆ అధ్యాయం రాసినది ఆయనే. శాతవాహనుల నాణేల మీద పుస్తకం రాసిన రాజారెడ్డి కూడా ఆయనే. మా వృత్తిలో అటువంటి వ్యాపకాలు గలవారు ఇప్పుడు తగ్గిపోయారు.

జారిన డిస్క్ వ్యాసంలో ఫ్లోరోసిస్ ఎందుకని మీరు అడగవచ్చు. నలిగేది అదే చోట, అదే వెన్నుపాము. కాళ్లు బిగుసుకుని, కర్ర పట్టుకుని, చివరికి మంచం మీద మోసుకొస్తే గాని ఆ పల్లె రోగులు ఆసుపత్రి చేరేవారు కారు. రాయిలా గట్టిపడిన ఎముకను తొలిచి వెన్నుపాముకు చోటు చేసినా, ఆలస్యంగా వచ్చినవారిలో పోయిన శక్తి తిరిగి రావడం తక్కువ. కారణం డిస్క్ అయినా, క్షయ అయినా, ఫ్లోరైడ్ అయినా వెన్నుపాము తీరు ఇంతే. అది కొంతకాలం మౌనంగా ఓర్చుకుంటుంది. ఆ గడువు దాటాక ఎంత మంచి ఆపరేషన్ జరిగినా పూర్తిగా కోలుకోదు. నాడీమూలం విషయంలో ఓర్పు మంచిదని లండన్ లెక్కలు చెబితే, వెన్నుపాము విషయంలో ఓర్పు ఎంత ఖరీదైనదో నల్లగొండ పల్లెలు చెప్పాయి.

ఇక మన కాలానికి వద్దాం. 1921లో పారిస్‌లో సికార్డ్, ఫోరెస్టియర్ వెన్నులోకి నూనె మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని కనుగొన్నది మొదలు, డిస్క్‌ను చూడాలంటే రోగిని బాధపెట్టక తప్పేది కాదు. అందుచేత అవసరమైనవారికే ఆ పరీక్ష చేసేవారం. ఎం.ఆర్.ఐ. వచ్చాక ఆ అడ్డు తొలగింది. నేడు మన నారాయణగూడ నుంచి విద్యానగర్ వరకు స్కానింగ్ కేంద్రాలకు కొదవ లేదు. యంత్రం గొప్పదే, దాని ఫలితం చదవడంలోనే చిక్కు ఉంది. 1990లో బోడెన్ అనే అమెరికా వైద్యుడి బృందం ఏ బాధా లేని 63 మంది మెడలను ఎం.ఆర్.ఐ. తీసి చూసింది. 40 ఏళ్ల లోపు వారిలో 14 శాతం, ఆ పైబడినవారిలో 28 శాతం మెడల్లో దోషాలు కనిపించాయి. 2015లో జపాన్‌లో 1,211 మంది ఆరోగ్యవంతులను చూస్తే 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. కనుక మీ రిపోర్టులో డిస్క్ బల్జ్ అనే మాట కనిపించగానే గుండె జారిపోనక్కరలేదు. అది తల నెరవడం వంటిది కావచ్చు. ఆ డిస్క్ నొక్కుతున్నదని చెప్పే నరం, మీ వేలి తిమ్మిరి ఒకదానికొకటి సరిపోలాలి. చేయి పట్టి చూడకుండా, సుత్తితో నరాల స్పందన పరీక్షించకుండా, ఫిల్మ్ మాత్రమే చూసి ఆపరేషన్ తేదీ ఇస్తే మరొక వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

నాడీమూలం నొప్పికి ఓర్పే తొలి చికిత్స అన్న మాటకు తర్వాత మరింత బలం చేకూరింది. 1976 నుంచి 1990 వరకు అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో ఈ బాధతో వచ్చిన 561 మందిని లెక్కగట్టిన అధ్యయనం 1994లో వెలువడింది. దాని ప్రధాన రచయిత కేరళకు చెందిన డాక్టర్ కె. రాధాకృష్ణన్. ఏటా లక్ష మందిలో సుమారు 83 మందికి ఈ బాధ వస్తున్నదనీ, వారిలో 26 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారనీ, చివరిసారి చూసేసరికి 90 శాతం మందికి బాధ లేదు లేదా స్వల్పమేననీ అందులో తేలింది. 1997లో స్వీడన్ వైద్యులు 81 మందిని చీటీలు వేసినట్లు మూడు జట్లు చేసి ఒక జట్టుకు ఆపరేషన్, ఒకదానికి ఫిజియోథెరపీ, మరొకదానికి మెడపట్టీ ఇచ్చారు. తొలి నెలల్లో ఆపరేషన్ జట్టు ముందున్నది. ఏడాది తిరిగేసరికి ముగ్గురూ ఒకచోటే నిలిచారు. త్వరగా ఉపశమనం కావాలనుకునే వ్యక్తికి ఆ తొలి నెలలు విలువైనవే. రోజు కూలీ మీద బతికే మనిషికి నాలుగు నెలల నొప్పి చిన్న విషయం కాదు. కాబట్టి ఓర్చుకోమని అందరికీ ఒకే సలహా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మూడు నెలలు సరైన చికిత్స తీసుకున్నా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నా, చేయి రోజురోజుకూ బలహీనపడుతున్నా ఆపరేషన్ న్యాయమైన మార్గమే.

మెడపట్టీ గురించి ఒక మాట. 2009లో నెదర్లాండ్స్‌లో 205 మందిపై జరిగిన పరిశోధనలో, నొప్పి మొదలైన తొలి వారాల్లో మూడు వారాలు పట్టీ ధరించి, ఆ తర్వాత క్రమంగా మానేసినవారికి ఊరట త్వరగా కలిగింది. వ్యాయామం చేసినవారికీ అంతే. మన దగ్గర కొందరు మూడేళ్లుగా పట్టీ తీయరు. దానివల్ల మెడ కండరాలు సన్నబడడం తప్ప ప్రయోజనం లేదు. నరాల బలానికని వారం వారం వేయించుకునే విటమిన్ సూదులు డిస్క్‌ను వెనక్కి నెట్టలేవు. నొప్పి మాత్రలు కొద్దిరోజులకే; నెలల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు మూల్యం చెల్లిస్తాయి. ఇక క్షవరశాలలో తల పట్టి టక్కుమనిపించే అలవాటు ఉన్నవారు దాన్ని ఈరోజే మానుకోవాలి. మెదడుకు వెళ్లే రక్తనాళాలు మెడ పూసల గుండా పోతాయి. ఆ విసురుకు అవి చిరిగితే పక్షవాతం వస్తుంది.

పూసలను అతికిస్తే ఆ చోట కదలిక పోతుంది. పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం పెరుగుతుందన్న శంకతో కృత్రిమ డిస్క్ ఆలోచన పుట్టింది. 1960లలో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రమ్ ఉక్కు గోళీలు పెట్టి చూశాడు, అవి పూసల్లోకి దిగబడ్డాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో కమిన్స్ 1989 నుంచి చేసిన ప్రయత్నం నిలిచింది. దాని వారసురాలైన అమరికకు అమెరికా ప్రభుత్వం 2007లో అనుమతి ఇచ్చింది. తగిన రోగికి ఇది మంచిదే. పూసలు బాగా అరిగిపోయిన పెద్దవారికి సాధారణంగా పనికిరాదు. ఖరీదు ఎక్కువ కనుక మేలు కూడా అంత ఎక్కువని అనుకోవద్దు.

వెన్నుపాము నలుగుతున్నా లక్షణాలు స్వల్పంగా ఉన్నవారికి ఏం చేయాలన్నది నేటికీ తర్జనభర్జన. చెక్ రిపబ్లిక్‌లో తీవ్రం కాని 68 మందిని రెండు జట్లు చేసి చూస్తే, 2002లో వెలువడిన ఫలితాల్లో మూడేళ్ల తర్వాత రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. అటువంటివారు ఆపరేషన్ వద్దనుకుంటే కొన్ని నెలలకొకసారి తప్పక పరీక్ష చేయించుకోవాలి. క్షీణత మొదలైతే ఇక తాత్సారం కూడదు. అన్నం కలుపుకునేటప్పుడు వేళ్లు మొద్దుబారడం, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, తల వంచితే వీపులో కరెంటు కొట్టినట్లుండడం, మూత్రం ఆగకపోవడం ఆ క్షీణతకు గుర్తులు. ఇవి కనిపిస్తే వాయిదా వేయక నరాల శస్త్రవైద్యుడిని కలవండి. ముషీరాబాద్ పాత జైలు స్థలంలోకి 2003లో వచ్చిన గాంధీ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి జపాన్ వైద్యుడు ఓనో 1987లో వివరించాడు. గడియారం ఎదుట పెట్టుకుని, అరచేయి నేలవైపు తిప్పి, పిడికిలి పూర్తిగా ముడుస్తూ, వేళ్లు పూర్తిగా చాపుతూ 10 సెకన్లలో ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. రెండు చేతులూ విడివిడిగా చూడాలి. సాధారణంగా 20 లేదా అంతకు పైన రావాలి. కీళ్లవాతం ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. 20 కన్నా బాగా తగ్గినా, కిందటి నెల కన్నా ఈ నెల తగ్గినా ఆ సంఖ్యను తేదీతో సహా కాగితం మీద రాసి, ఎం.ఆర్.ఐ. కవరుతో పాటు మీ వైద్యుడికి చూపించండి.